మా ఆయన ఎవరికీ చెప్పని పాస్‌వర్డ్

దెయ్యం, గాలి, ధూళి అన్న మాటలు నా దగ్గర ఎత్తితే తిట్టిపోసేదాన్ని. ఇప్పటికీ తిడతాను. గజపతినగరంలో మా పుట్టింటివాళ్ళది చింతపండు, ఎండుమిరపకాయల దుకాణం. దిష్టి తీసే మిరపకాయలు, గుమ్మానికి కట్టే మిరపకాయలు ఊళ్ళో సగంమంది మా దగ్గరే కొంటారు. దిష్టికే కదా అని పుచ్చిపోయిన మిరపకాయలు ఏరి అంటగట్టడం చిన్నప్పటినుంచీ చూస్తున్నదాన్ని. నాకు దిష్టి మీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

అందుకే ముందే చెప్తున్నాను. ఇది చదివి నాకు తాయెత్తు కట్టించుకోమని ఎవరూ సలహా ఇవ్వొద్దు. ఇది జరిగింది పట్టపగలు, ట్యూబులైట్లు వెలుగుతున్న గదిలో, చదువుకున్నవాళ్ళ ముందు. నేను చూసింది చూసినట్టు చెప్తాను. ఆపైన మీ ఇష్టం.

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో మేం శ్రీకాకుళంలో ఉండేవాళ్ళం. మా ఆయన హైవే పక్కన ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లన్నీ చూసుకునేవారు. కాలేజీ పేరు చెప్పను. చెప్తే నాకు ఒరిగేదేమీ లేదు. సర్వరు ఆగిపోయినా ఆయనే, కరస్పాండెంటు గారింట్లో టీవీ రాకపోయినా ఆయనే. ఆదివారం కూడా ఫోన్ మోగుతూనే ఉండేది.

ఆ కాలేజీలో ప్రతి మానిటర్ అంచునా ఒక చీటీ అంటించి ఉండేదట, దాని మీద పాస్‌వర్డ్. ప్రిన్సిపాల్ గారి పాస్‌వర్డ్ ఆయన మనవడి పేరేనని క్యాంటీన్లో టీ పోసే మనిషికి కూడా తెలుసు. ఒకసారి ఎవరో ఆఫీసు మెయిల్లోకి దూరి, రేపు కాలేజీకి సెలవు అని తల్లిదండ్రులందరికీ పంపేశారు. మర్నాడు బస్సులన్నీ ఖాళీగా వచ్చాయి. తిట్లు మాత్రం మా ఆయన తిన్నారు.

ఆ కోపంతో ఆయన చీటీలన్నీ పీకేసి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చేసి, వాటిని ఒక్కచోట పెట్టి తాళం వేశారు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అది. బొమ్మలుండవు, మౌసుతో పనుండదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, అంతే. లోపల ఏయే తాళాలున్నాయో పేర్లు మాత్రం అడిగితే చూపిస్తుంది. ఫలానాది తెరువు అంటే మాత్రం ముందు పెద్ద పాస్‌వర్డ్ చెప్పమంటుంది. "బీరువాలో ఎన్ని తాళాలున్నా బీరువా తాళం ఒకటేనే. అది నా బుర్రలో ఉన్నాది" అనేవారు మా ఆయన, తల మీద కొట్టుకుని చూపిస్తూ.

ఆ పెద్ద పాస్‌వర్డ్ కొడుతున్నంతసేపూ తెర మీద ఏమీ పడదు. బ్యాంకు మిషన్లో చుక్కలు పడతాయి చూడండి, అవి కూడా పడవు. వెనక నిలబడ్డవాడికి ఎన్ని అక్షరాలు కొట్టారో కూడా తెలియకూడదని అలా చేశారట. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

కాలేజీవాళ్ళు ఆయనకు లాప్‌టాప్ కూడా ఇవ్వలేదు. ఈ బీరువా అంతా ఆయన సొంత లాప్‌టాప్‌లోనే ఉండేది. రేపు నాకేమైనా అయితే ఎలా అని ఆయనే ఆలోచించి, పెద్ద పాస్‌వర్డ్ ఒక కవర్లో పెట్టి సీలు వేసి ఇస్తాను, మీ బీరువాలో దాచండి అని కరస్పాండెంటు గారిని అడిగారు. అప్పుడు అక్కడ కొత్త బ్లాకుకి గృహప్రవేశం హోమం ఏర్పాట్లు జరుగుతున్నాయట. ఆ పెద్దమనిషి ఇంతెత్తున లేచాడు. "శుభమా అని బ్లాకు కట్టుకుంటంటే సావు మాటలేట్రా నీకు? ఫో అవతలికి" అన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వారు. మళ్ళీ ఇంకోసారి అడిగితే మళ్ళీ అదే తిట్టు. మూడోసారి అడగడానికి ఆయనకు ఓపిక లేకపోయింది.

ఇంట్లో భోజనాలయ్యాక చాప మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచేవారు. నేను పక్కనే చింతపండు పిక్కలు తీస్తూ కూర్చునేదాన్ని. అది పుట్టింటి అలవాటు, చేతులు ఖాళీగా ఉంటే తోచదు. పెద్ద పాస్‌వర్డ్ కొట్టే ముందు, "ఒసే సిట్టీ, మొకం అటు తిప్పు" అనేవారు. "నాకేటి తెలుస్తాది? నేనేటి దొంగనా?" అని కసిరేదాన్ని. "రూలు రూలేనే" అనేవారు. నా పేరు ఉమామహేశ్వరి. ఆయన ఒక్కనాడూ ఆ పేరుతో పిలవలేదు.

మొహం తిప్పుకుంటే చప్పుడు వినబడేది. మొహం తిప్పక ముందు, మళ్ళీ ఇటు తిరిగాక నేను చూసేది ఆయన చేతినే. చిన్నప్పుడు పలాసలో వాళ్ళ మావయ్యగారింట్లో జీడిపిక్కలు కోసే మిషన్‌లో ఎడమచేతి ఉంగరం వేలు పడి, నరం దెబ్బతిని, అది వంగేది కాదు. మిగతా వేళ్ళన్నీ మీటల మీద గబగబా ఆడుతుంటే ఆ ఒక్కటీ నిటారుగా నిలబడి ఉండేది. "బళ్ళో ఒంటేలుకి పంపమని అడిగే పిల్లడున్నట్టుంది మీ వేలు" అని ఏడిపించేదాన్ని. ఆయన ఆ వేలితోనే నా నెత్తి మీద మొట్టేవారు.

పరీక్షలు దగ్గరపడ్డాయనగా ఆయనకు జ్వరం పట్టుకుంది. తగ్గలేదు. ఆస్పత్రిలో చేర్చాం. సెలైను ఎక్కుతుండగా కూడా కాలేజీనుంచి ఫోన్లే. హాల్ టిక్కెట్లు తీయాలి, సర్వరు పాస్‌వర్డ్ చెప్పమని. ఆయన ఫోన్లో చెప్పలేదు. "రెండ్రోజుల్లో లెగిసి వచ్చీసి తీస్తాను సార్" అన్నారు. ఆ మాట నా చెవులతో విన్నాను. ఆ తర్వాత ఆయనకు స్పృహ తప్పింది. విశాఖపట్నం తీసుకెళ్ళాం. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

మా పాప అప్పటికి ఎల్‌కేజీ.

నేను ఏడవడం కూడా పూర్తి కాలేదు, ఊళ్ళో మాట పుట్టేసింది. కాలేజీకి తాళాలు వేసుకుని పోయాడట, ఆస్పత్రిలో ప్రాణం మీదుండి కూడా చెప్పలేదంటే ఎంత కక్ష ఉండాలి, ఏదో తప్పుడు పని చేసి దాచడానికే అలా చేశాడు, ఇలాంటివి. పలకరించడానికి వచ్చినవాళ్ళే గుమ్మం దిగి ఈ మాటలు అనుకుంటూ వెళ్ళడం విన్నాను. కవరు సంగతి ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ నోరు విప్పడు.

పెద్దకర్మ కాకముందే కాలేజీనుంచి కారు వచ్చింది. నన్ను రమ్మన్నారు. మా పెద్దమ్మ అడ్డం పడింది. "మైల తీరకుండా గడప దాటుతావేటే? ఎవలైనా ఇంటే నవ్వరా?" అంది. "మనిషి పోయాడు, పేరు కూడా పోతంది. ఇంకా మైలేటి పెద్దమ్మా" అన్నాను. నాకు ఆ రోజు ఒకటే పట్టుదల. ఆయన దొంగ కాదు, పనిదొంగ కూడా కాదు. అది వాళ్ళ నోటితో అనిపించాలి. మా అన్నయ్య దుకాణం మూసేసి నాతో వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ కాలేజీకి చేరాం. వరండా నిండా పిల్లలు, హాల్ టిక్కెట్లు ఇవ్వాలని అరుస్తున్నారు. వాళ్ళ మధ్యనుంచి నడుస్తుంటే ఒకమ్మాయి పక్కమ్మాయితో అంటోంది, "ఆ సారే లాక్ సేసీసి సచ్చిపోయాడంటే." దాని తప్పు కాదు. ఎవరో పెద్దవాళ్ళు చెబితేనే కదా దానికి తెలిసింది.

గదిలో కరస్పాండెంటు గారు, ప్రిన్సిపాల్ గారు, విశాఖపట్నంనుంచి పిలిపించిన ఒక కంప్యూటర్ నిపుణుడు ఉన్నారు. ఆ నిపుణుడు నలభై దాటిన మనిషి, కళ్ళజోడు, నెమ్మదైన గొంతు. మా ఆయన్ని ఎప్పుడూ చూసిన మనిషి కాదు. ఫోన్లో కూడా మాట్లాడలేదట. అన్నయ్యా నేనూ గోడ వారగా నిలబడ్డాం. ఎవరూ కూర్చోమనలేదు.

ఆయన పోయాక కాలేజీవాళ్ళు ఇంటినుంచి పట్టుకెళ్ళిన లాప్‌టాప్ ఒక బల్ల మీద ఉంది. దాని పక్కన నిమ్మకాయ. కుంకుమ కూడా పెట్టారు. చచ్చిపోయినవాడి వస్తువని అటెండరు సింహాచలం పెట్టాడట, కరస్పాండెంటు గారు తియ్యనివ్వలేదట. ఇంజనీరింగ్ కాలేజీ! బయట గోడ మీద రాకెట్ బొమ్మ వేయించుకున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నిపుణుడు నల్లతెర తెరిచి పేర్లు చూపించాడు. కాలేజీ అని ఒక భాగం, దాని కింద చాలా పేర్లు. ఇల్లు అని ఇంకో భాగం. గ్యాసు, కరెంటు, బ్యాంకు, అన్నిటికన్నా కింద ఇంగ్లీషు అక్షరాల్లో సిట్టి. "సిట్టి అంటే ఎవరు మేడమ్?" అని అడిగాడు. అంతమంది మగవాళ్ళ మధ్య తలొంచుకుని "నేనే" అన్నాను. కరస్పాండెంటు గారు ప్రిన్సిపాల్ వైపు చూసి పెదవి విరిచారు.

తర్వాత ప్రశ్నలు. పాప పేరేమిటి, పుట్టినరోజేమిటి, పెళ్ళిరోజేమిటి, ఇలవేల్పు ఎవరు. నేను చెప్తున్నాను, నిపుణుడు సర్వరుది తెరువంటూ అవి కొడుతున్నాడు. తప్పు, తప్పు, తప్పు. రేషన్ కార్డులో ఉన్నవన్నీ అడిగారు. నాకు తెలుసు అవేవీ కావని. ఆయన అలాంటివి పెట్టుకుంటారా? మనవడి పేరు పెట్టుకున్న ప్రిన్సిపాల్ని తలుచుకుని నవ్విన మనిషి కదా!

ఇక విసుగొచ్చి కరస్పాండెంటు గారు ఒక కాగితం నా ముందుకు తోశారు. "సూడమ్మా, నీ మొగుడు కావాలనే పాస్‌వర్డ్ ఇవ్వలేదని ఇందులో ఉన్నాది. సంతకం పెట్టీ. మేం యూనివర్సిటీకి చూపించుకుంటాం, గొడవ ఒగ్గెస్తాం. పెట్టవంటే పోలీసు కంప్లైంటే" అన్నారు. కవరు ఇస్తానంటే మీరే తిట్టి పంపించారు కదా అని గట్టిగానే అడిగాను. "ఏ కవరు? ఎప్పుడు? నాకేటి తెలీదు" అన్నాడు, నా మొహం వంక చూస్తూనే. ఆ మనిషి రోజూ పూజ చేస్తాడు.

నేను సంతకం పెట్టనన్నాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని "పెట్టీయే, పోదాం" అన్నాడు. విదిలించుకున్నాను. ఇంతలో నిపుణుడికి ఫోన్ వస్తే లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాడు. కుర్చీ ఖాళీ అయింది. నిమ్మకాయ తీసి అవతల పడేసి నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.

ఎందుకు కూర్చున్నానంటే, ఆ మీటల మీద అక్షరాలు అరిగిపోయి కనబడ్డాయి. ఆయన వేళ్ళకి అరిగినవి. ఒక్కసారి ముట్టుకోవాలనిపించింది, అంతే. నేను టైపు నేర్చుకున్నదాన్ని కాదు. ఏ అక్షరం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఫోన్లో అన్నయ్యకు మెసేజ్ పెట్టాలన్నా బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కేదాన్ని. తెర మీద పెద్ద పాస్‌వర్డ్ అడుగుతూ గీత మిణుకుమంటోంది. రెండు చేతులూ మీటల మీద పెట్టాను.

వేళ్ళు కదిలాయి.

నేను కదపలేదు. ఒళ్ళు జలదరించలేదు, చలి వెయ్యలేదు, చెవిలో ఎవరూ మాట్లాడలేదు. సినిమాల్లో చూపించేవి ఏవీ జరగలేదు. పరాయివాళ్ళ చేతులు చూస్తున్నట్టు నా చేతులు చూస్తూ కూర్చున్నాను. రెండు చేతులూ గబగబా కొట్టుకుపోతున్నాయి. మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ కొట్టాయి. చాలాసేపు కొట్టాయి. తెర మీద ఒక్క అక్షరం పడలేదు, పడదు కదా. చివర్న కుడిచేతి చిటికెనవేలు ఎంటర్ నొక్కింది. తెర మీద సర్వరు పాస్‌వర్డ్ వచ్చి నిలబడింది.

నిపుణుడు ఫోన్ పెట్టేసి పరిగెత్తుకొచ్చాడు. నన్ను లేపి తాను కూర్చుని, కాలేజీ కింద ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తూ రాసుకుంటున్నాడు. ఒకసారి తెరుచుకుంటే కొన్ని నిమిషాలు మళ్ళీ అడగదట. ప్రిన్సిపాల్ హాల్ టిక్కెట్లని అరుస్తూ బయటకు పోయాడు.

"ఏటి కొట్టావమ్మా?" అన్నారు కరస్పాండెంటు గారు. తెలియదన్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ తెలియదన్నాను. ఆయన మొహం మెల్లగా మారింది. "అదన్నమాట! తెలిసుండే ఇన్నాళ్ళూ నాటకమాడావు. మొగుడూ పెళ్ళాం కలిసే సేశారు" అన్నాడు. మా ఆయన పేరు నిలబెడదామని వచ్చాను. తెరుచుకోకపోతే ఆయన దొంగ. తెరుచుకుంది కాబట్టి ఇద్దరం దొంగలం.

అప్పుడు నాకు ఒక్కటే తోచింది. నిపుణుడితో అన్నాను, "బాబూ, ఆ చివరి పేరు కూడా ఒక్కసారి తెరవండి. నా పేరుతో ఉంది." అతను తెరవబోయాడు కూడా. చెయ్యి మీటల మీదకు వెళ్ళింది. "మన పనయిపోయింది కదా, ఇంకేటి? మూసీండి" అని కరస్పాండెంటు గారు తన చేత్తోనే లాప్‌టాప్ మూత ఠపీమని మూసేశారు. నిమ్మకాయ లేనిదే ముట్టుకోని మనిషి, అప్పుడు ముట్టుకున్నాడు. బాగా పాతబడిపోయిన బ్యాటరీ అది. మూత మూసిన అదురుకి ఆగిపోయింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ పెద్ద పాస్‌వర్డ్ అడిగింది. మళ్ళీ కూర్చున్నాను. చేతులు పెట్టాను. అవి నా చేతులే. ఊరికే ఉన్నాయి.

లాప్‌టాప్ మాదే కాబట్టి ఇచ్చేశారు. చీరకొంగులో చుట్టుకుని బయటకు వచ్చాను. గేటు దగ్గర ఆటో కోసం నిలబడితే నిపుణుడు వెనకాలే వచ్చాడు. "మేడమ్, ఫోన్ మాట్లాడుతూ మీ వంకే చూశాను. మీ ఎడమచేతి ఉంగరం వేలికేమైనా దెబ్బ తగిలిందా? అది ఒక్కటీ పైకే ఉండిపోయింది. కొట్టినంతసేపూ వంగలేదు" అన్నాడు.

నేను వేలు వంచి చూపించాను. వంగింది. మా ఆయన వేలి సంగతి ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. మా అన్నయ్యకు కూడా అది గుర్తులేదని తర్వాత అడిగితే తెలిసింది.

ఆటో ఎక్కాం. బస్టాండు దగ్గర దిగాక అన్నయ్య అన్నాడు, "నీకు తెలిస్తే ముందే సెప్పీవలసిందే. ఇంత పరువు పోయేది కాదు." నా తోడబుట్టినవాడు. నా పక్కనే నిలబడి చూసినవాడు. అదే మాట ఇప్పటికీ అతని మనసులో ఉంది. నేను అతని దుకాణంలోనే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను, అతనూ నేనూ రోజూ కలిసే అన్నం తింటాం, ఆ మాట మాత్రం మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది.

ఆ నిపుణుడితో తర్వాత ఒకసారి ఫోన్లో మాట్లాడి, మా ఆయన వేలి సంగతి, మొహం తిప్పమనే రూలు సంగతి చెప్పాను. అతను మర్యాదగా ఒక కారణం చెప్పాడు. ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని చప్పుడు విన్నారు, వేళ్ళ కదలిక చూశారు, మీకు తెలియకుండానే మీ చేతులకు అలవాటయి ఉంటుంది అన్నాడు. నేనూ అలాగే నమ్ముదామనుకున్నాను. దెయ్యం కన్నా అదే నాకు నయం. కానీ చప్పుడు విన్నంత మాత్రాన ఏ అక్షరమో ఎలా తెలుస్తుంది? మా ఆయన కొట్టేటప్పుడు నా మొహం గోడవైపు ఉండేది. పోనీ అలవాటే అనుకుంటే, నా చేతులకు వచ్చిన అలవాటు మళ్ళీ నా దగ్గరికి రాకుండా ఎక్కడికి పోయింది?

కాలేజీ ఇప్పుడు ఇంకా పెద్దదయింది. కరస్పాండెంటు గారికి ఏదో సన్మానం జరిగిందని ఎవరో చెప్పారు. ఆ ఊళ్ళో మా ఆయన పేరెత్తితే ఇప్పటికీ "ఆ తాళాలేసినోడా" అంటారట. పోలీసు కంప్లైంటు ఇవ్వలేదు, దయతలిచి వదిలేశామని చెప్పుకుంటారట.

మధ్యాహ్నం దుకాణం షట్టరు సగం దించి అన్నయ్య భోజనానికి వెళ్ళినప్పుడు, అప్పుడప్పుడు ఆ లాప్‌టాప్ తెరుస్తాను. కొత్త బ్యాటరీ వేయించాను. నల్లతెర మీద పేర్లు చూపించమని అడిగే ఆ చిన్న మాటలు కొట్టడం నేర్చుకున్నాను. పేర్లన్నీ వరసగా వస్తాయి. అన్నిటికన్నా కింద సిట్టి. దాన్ని తెరువంటే పెద్ద పాస్‌వర్డ్ చెప్పమంటుంది. చేతులు మీటల మీద పెడతాను. అలవాటుగా మొహం కూడా అటు తిప్పుకుంటాను, ఆయన రూలు కదా. గీత మిణుకుమంటూనే ఉంటుంది. కాసేపటికి మూసేసి మిరపకాయలు తూచుకుంటాను.

ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, వింటాను. భయం మాత్రం నాకు ఏ రోజూ వెయ్యలేదు. ఉన్నదంతా కోపమే. మా ఆయన తనని తిట్టినవాళ్ళ పని ఆగిపోతే చచ్చి కూడా వచ్చి చేసిపెట్టి పోయారు. నా పేరు పెట్టుకుని అందులో ఏం దాచారో చెప్పడానికి మాత్రం, ఇన్నేళ్ళయినా, ఒక్కసారి రారు.